సర్వర్లు పెంచినా సైట్ ఎందుకు నిలవట్లేదు? – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ప్రశ్నలన్నీ బ్రౌజర్‌కీ డేటాబేస్‌కీ మధ్య ఉండే సరంజామా గురించే: అప్లికేషన్ సర్వర్ (సైట్ కోడ్ నడిచే చోటు), కనెక్షన్ పూల్ (డేటాబేస్‌కు ముందే తెరిచి ఉంచి వంతులవారీగా వాడుకునే కనెక్షన్లు), క్యూ (పనులు వరసలో ఆగే చోటు), క్యాష్ (తరచూ కావాల్సిన డేటా కాపీ), లోడ్ బ్యాలన్సర్ (రిక్వెస్టులను సర్వర్లకు పంచేది). ప్రశ్నలను క్లుప్తం చేశాం, సంస్థల పేర్లు తీసేశాం.

ప్రశ్న: మాది చీరలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం. స్ప్రింగ్ బూట్ అనే జావా ఫ్రేమ్‌వర్క్‌తో రాసిన అప్లికేషన్ నాలుగు సర్వర్ల మీద నడుస్తోంది. వెనక 8 కోర్ల మెషిన్ మీద పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. ఆఫర్ పెట్టిన రోజు ‘కనెక్షన్ ఈజ్ నాట్ అవైలబుల్, రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్’ అంటూ లాగ్ నిండిపోయింది. హికారీ అనే కనెక్షన్ పూల్‌ను 10 నుంచి 100 చేశాం. ఇప్పుడు ‘సారీ, టూ మెనీ క్లయింట్స్ ఆల్రెడీ’ అని డేటాబేసే తిప్పి పంపుతోంది. పూల్ సైజు ఎంత పెట్టాలి? – విజయవాడ పాఠకుడు

రెండో ఎర్రర్‌ది చిన్న లెక్క. నాలుగు సర్వర్లు, ఒక్కోదానికి 100, మొత్తం 400 కనెక్షన్లు. మనం మార్చకపోతే పోస్ట్‌గ్రెస్ ఒప్పుకునేది 100. అందులోనూ 3 సూపర్‌యూజర్ (డేటాబేస్ నిర్వాహకుడు) కోసం పక్కన పెట్టుకుంటుంది. మీ అప్లికేషన్‌కు మిగిలేవి 97. ఆ పరిమితిని 500 చేసేయమని ఎవరో ఒకరు తప్పకుండా సలహా ఇస్తారు. వినకండి. ప్రతి కనెక్షన్‌కీ పోస్ట్‌గ్రెస్ ఒక ప్రాసెస్ నడుపుతుంది. 8 కోర్ల మీద 400 ప్రాసెస్‌లు ఒక్కసారిగా క్వెరీలు మొదలెడితే ప్రతి క్వెరీ ఆలస్యమవుతుంది, లాక్‌లు (ఒకరు మారుస్తున్న డేటాను ఇంకొకరు మార్చకుండా వేసే తాళాలు) ఎక్కువసేపు ఉండిపోతాయి, వాటి వెనక ఇంకొన్ని ఆగుతాయి. పూల్ దగ్గర ఆగాల్సిన జనాన్ని డేటాబేస్ లోపలికి తోసినట్టు అవుతుంది.

అసలు సంగతి మొదటి ఎర్రర్‌లో ఉంది. ఒకే సమయంలో ఎన్ని కనెక్షన్లు కావాలో తేల్చడానికి గుణకారం చాలు: సెకనుకు వచ్చే రిక్వెస్టులు × ఒక్కో రిక్వెస్టు కనెక్షన్‌ను పట్టుకుని ఉండే సెకన్లు. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రమే ఇది. మీరు పంపిన అంకెలే తీసుకుందాం. కేటలాగ్ పేజీలు సెకనుకు 300, ఒక్కోటి 20 మిల్లీసెకన్లు. 300 × 0.02 = 6 కనెక్షన్లు. ఇక ఆర్డర్లు సెకనుకు 40. మీ కోడ్‌లో ఆర్డర్ సేవ్ చేసే మెథడ్ మీద ట్రాన్సాక్షనల్ అనోటేషన్ (ఈ మెథడ్ మొత్తం ఒకే ట్రాన్సాక్షన్‌గా, అంటే అంతా జరగడమో ఏదీ జరగకపోవడమో అయ్యేలా నడవాలని చెప్పే గుర్తు) ఉంది, ఆ మెథడ్ మధ్యలోనే పేమెంట్ గేట్‌వేకి కాల్ వెళ్తోంది. గేట్‌వే జవాబుకు రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లూ డేటాబేస్ కనెక్షన్ ఏ పనీ లేకుండా మీ చేతిలోనే ఉంటుంది. 40 × 2 = 80. మీ పూళ్లను ఖాళీ చేస్తున్నది ఈ 80.

కాబట్టి సైజు మార్చే ముందు ఆ మెథడ్‌ను విడగొట్టండి. ఒక ట్రాన్సాక్షన్‌లో ఆర్డర్‌ను ‘పెండింగ్’గా రాసి కమిట్ (ఖరారు) చేయండి. కనెక్షన్ వదిలేశాక గేట్‌వేకి కాల్ చేయండి. జవాబు వచ్చాక రెండో చిన్న ట్రాన్సాక్షన్‌లో స్థితి మార్చండి. రెండూ కలిపి 50 మిల్లీసెకన్లయినా 40 × 0.05 = 2 కనెక్షన్లు. 80 కావాల్సిన చోట 2. ఇక్కడ ఒక చిక్కుంది: అదే క్లాస్‌లోని ఇంకో మెథడ్‌ను నేరుగా పిలిస్తే స్ప్రింగ్ ప్రాక్సీ (అనోటేషన్‌ను అమలు చేసే మధ్యవర్తి) మధ్యలోకి రాదు, అనోటేషన్ పనిచేయదు. విడగొట్టిన మెథడ్‌లను వేరే క్లాస్‌లో పెట్టండి.

స్ప్రింగ్ బూట్‌లో ‘ఓపెన్ ఇన్ వ్యూ’ అనే సెట్టింగ్ మనం ఏమీ రాయకపోతే ఆన్‌లో ఉంటుంది. అది ఉంటే మీ ట్రాన్సాక్షన్ ముగిసినా, రెస్పాన్స్ పూర్తిగా వెళ్లేదాకా కనెక్షన్ చేతిలోనే ఉండిపోవచ్చు. దాన్ని ఫాల్స్ చేయండి. చేసిన వెంటనే లేజీ లోడింగ్ ఎర్రర్లు (అవసరమైనప్పుడు డేటా తేబోతే ట్రాన్సాక్షన్ అప్పటికే ముగిసి ఉండటం వల్ల వచ్చేవి) బయటపడతాయి. భయపడి వెనక్కి మార్చకండి, కావాల్సిన డేటాను క్వెరీలోనే జాయిన్ చేసి తెచ్చుకోండి.

ఇక సైజు. కోర్లు × 2, దానికి డిస్కుల సంఖ్య కలపండి అని హికారీ వాళ్ల సూచన. మీ 8 కోర్లకు 17. దాన్ని 20 అనుకుని, నాలుగు సర్వర్లకూ తలా 5 ఇవ్వండి. పై లెక్క ప్రకారం మీకు కావాల్సింది 8, రద్దీ రెట్టింపైనా 16. ఈ 20 మొత్తం డేటాబేస్‌కు వర్తించే అంకె అని మరిచిపోకండి. రోలింగ్ డిప్లాయ్ (సర్వర్లను కొన్ని కొన్నిగా కొత్త కోడ్‌కు మార్చడం) చేసేటప్పుడు పాత, కొత్త ఇన్‌స్టెన్స్‌లు కాసేపు కలిసి నడుస్తాయి, అప్పుడు 40 అవుతాయి. 97కి లోపే కనుక ఫర్వాలేదు. కనెక్షన్ టైమౌట్ 30 సెకన్ల నుంచి 3 సెకన్లకు దించండి. కస్టమర్ 30 సెకన్లు ఆగడు, ఐదో సెకనులోనే రిఫ్రెష్ నొక్కి ఇంకో రిక్వెస్టు పెడతాడు. లీక్ డిటెక్షన్ త్రెషోల్డ్ 5 సెకన్లు పెడితే అంతకుమించి కనెక్షన్ పట్టుకున్న కోడ్ లైను ఏదో లాగ్‌లో స్టాక్ ట్రేస్‌తో సహా పడుతుంది.

ఒక జాగ్రత్త. ఎక్కడైనా ‘రిక్వైర్స్ న్యూ’ (ఉన్న ట్రాన్సాక్షన్‌ను ఆపి ఇంకోటి తెరిచే స్ప్రింగ్ సెట్టింగ్) వాడి ఉంటే ఒకే థ్రెడ్ (సర్వర్‌లో ఒక రిక్వెస్టు పనిని నడిపేది) రెండు కనెక్షన్లు అడుగుతుంది. పూల్‌లో 5 ఉన్నాయనుకోండి, ఐదు థ్రెడ్లు తలా ఒకటి తీసుకుని రెండోదాని కోసం నిలబడితే ఎవరికీ దొరకదు. సీపీయూ ఖాళీగా ఉంటుంది, డేటాబేస్ ఖాళీగా ఉంటుంది, సైట్ మాత్రం ఆగిపోతుంది. దీన్ని తప్పించే కనీస సైజు: థ్రెడ్లు × (ఒక్కో థ్రెడ్ అడిగే కనెక్షన్లు – 1) + 1. స్ప్రింగ్ బూట్ లోపల ఉండే వెబ్ సర్వర్ టామ్‌క్యాట్‌లో థ్రెడ్లు మామూలుగా 200 కనుక ఆ లెక్కన 201 వస్తుంది. అంత పూల్ పెట్టడం కన్నా ‘రిక్వైర్స్ న్యూ’ తీసేయడం నయం.

ప్రశ్న: రద్దీ వేళ కస్టమర్‌కు 504 (వెనకనుంచి సమయానికి జవాబు రాలేదు) ఎర్రర్ వస్తుంది. అతను మళ్లీ నొక్కుతాడు. తీరా చూస్తే రెండు ఆర్డర్లు, రెండుసార్లు డబ్బు కట్. ముందు ఎన్‌జిన్‌ఎక్స్ (రిక్వెస్టులు అందుకుని వెనక్కి పంపే వెబ్ సర్వర్), దాని వెనక మా సర్వీస్, దాని వెనక పేమెంట్ సర్వీస్. ఏ టైమౌట్ పెంచాలి? – హైదరాబాద్ పాఠకురాలు

ఏదీ పెంచకండి. లోపలికి వెళ్లేకొద్దీ తగ్గించండి. ఎన్‌జిన్‌ఎక్స్ జవాబు కోసం మామూలుగా 60 సెకన్లు చూసి 504 ఇచ్చేస్తుంది. కానీ మీ సర్వీస్‌కు ఆ కబురు అందదు, అది పని చేసుకుంటూనే పోయి ఆర్డర్ పూర్తి చేస్తుంది. అందుకే బయట ఫెయిల్, లోపల సక్సెస్. ఎన్‌జిన్‌ఎక్స్ దగ్గర 12 సెకన్లు, మీ సర్వీస్ మొత్తానికి 10, పేమెంట్ కాల్‌కు 6, డేటాబేస్ స్టేట్‌మెంట్‌కు 3, ఈ తీరులో పెడితే లోపలి వాడు ముందు చేతులెత్తేస్తాడు, ఆ సంగతి బయటి వాడికి తెలుస్తుంది. అంకెలు మీ కొలతలను బట్టి మార్చుకోండి, వరస మాత్రం మార్చకండి. చాలా లైబ్రరీల్లో కనెక్ట్ టైమౌట్ (కనెక్షన్ కుదరడానికి) వేరు, రీడ్ టైమౌట్ (జవాబు రావడానికి) వేరు. మొదటిది పెట్టి రెండోది వదిలేసిన కోడ్‌లు కోకొల్లలు.

అంతమాత్రాన డబుల్ పేమెంట్ ఆగదు. దానికి ఐడెంపొటెన్సీ కీ (అదే రిక్వెస్టు మళ్లీ వస్తే గుర్తుపట్టే ఐడీ) కావాలి. చెక్‌అవుట్ పేజీ తెరిచినప్పుడే ఒక యూనిక్ ఐడీ తయారుచేసి బటన్‌తో పాటు పంపండి. ఎన్నిసార్లు నొక్కినా, రిఫ్రెష్ చేసినా అదే ఐడీ రావాలి. బటన్ నొక్కినప్పుడల్లా కొత్త ఐడీ పుట్టిస్తే ఈ ఏర్పాటంతా వృథా. సర్వర్‌లో ఒక టేబుల్, అందులో ఆ ఐడీ మీద యూనిక్ కన్‌స్ట్రెయింట్ (ఒకే విలువ రెండోసారి చేరకూడదనే నియమం). మొట్టమొదటి పని ఆ ఐడీతో టేబుల్‌లో ఒక వరసను (రో) ఇన్సర్ట్ చేయడం. ఇన్సర్ట్ అయితే కొత్త ఆర్డర్, ముందుకు వెళ్లండి. కాన్‌ఫ్లిక్ట్ వస్తే పాత ఫలితాన్ని చదివి అదే తిరిగి ఇవ్వండి, ఇంకా నడుస్తుంటే ‘ప్రాసెస్ అవుతోంది’ అని చెప్పండి. ముందు సెలెక్ట్ చేసి, లేకపోతే ఇన్సర్ట్ చేద్దాం అనే పద్ధతి పనికిరాదు. రెండు రిక్వెస్టులు ఒకే క్షణంలో ‘లేదు’ అని చూసి రెండూ ఇన్సర్ట్‌కు వెళ్తాయి.

పేమెంట్ కాల్ టైమౌట్ అయితే దాన్ని ఫెయిల్ అని రాయకండి. డబ్బు వెళ్లిందో లేదో ఆ క్షణంలో మీకు తెలియదు. ‘పెండింగ్’లో ఉంచి గేట్‌వే స్టేటస్ ఏపీఐని అడుగుతూ ఉండండి. వెబ్‌హుక్ (గేట్‌వే తనంతట తానే పంపే కబురు) ఆలస్యంగా రావచ్చు, రెండుసార్లు రావచ్చు, దాన్నీ ఇదే కీతో పోల్చండి.

రీట్రైల (ఫెయిలైన కాల్‌ను మళ్లీ చేయడం) గురించి ఒక లెక్క చెప్పి వదిలేస్తాం. మూడు లేయర్లు, ఒక్కోటి మూడుసార్లు ప్రయత్నిస్తే అట్టడుగు సర్వీస్‌కు ఒక్క క్లిక్‌కు 27 కాల్స్ పోతాయి. అది అప్పటికే సతమతమవుతున్న సర్వీస్. రీట్రై ఒక్క లేయర్‌లోనే ఉంచండి, ప్రయత్నానికీ ప్రయత్నానికీ మధ్య వ్యవధి రెట్టింపు చేస్తూ అందులో కొంత రాండమ్ కలపండి. లేకపోతే ఫెయిలైన వాళ్లంతా ఒకే సెకనులో తిరిగొస్తారు.

ప్రశ్న: ఆర్డర్ ఈవెంట్లు కాఫ్కా అనే మెసేజ్ క్యూలో వేస్తున్నాం. వాటిని చదివే కన్స్యూమర్లను 3 నుంచి 12 చేశాం. ల్యాగ్ (ఇంకా చదవని మెసేజ్‌ల సంఖ్య) ఒక్కటి కూడా తగ్గలేదు, పైగా కొన్ని మెసేజ్‌లు రెండుసార్లు ప్రాసెస్ అవుతున్నాయి. – విశాఖపట్నం పాఠకుడు

మీ టాపిక్‌లో (కాఫ్కాలో ఒక రకం మెసేజ్‌లు వేసే చోటు) పార్టిషన్లు (దాని భాగాలు) ఎన్ని? మీరు జతచేసిన వివరాల్లో 3 అని ఉంది. ఒక కన్స్యూమర్ గ్రూపులో ఒక పార్టిషన్‌ను ఒక్క కన్స్యూమరే చదువుతుంది. తొమ్మిది మంది ఊరికే కూర్చున్నారు.

పార్టిషన్లు 12 చేయడం ఒక్క కమాండ్ పని, కానీ అది నొక్కే ముందు ఆగండి. మెసేజ్ కీ (మీకు ఆర్డర్ నంబర్) నుంచి లెక్కగట్టే హ్యాష్ అనే అంకెను పార్టిషన్ల సంఖ్యతో భాగించి, శేషాన్ని బట్టి ఏ పార్టిషన్‌కు వెళ్లాలో నిర్ణయిస్తారు. సంఖ్య మారితే అదే ఆర్డర్ నంబర్ కొత్త పార్టిషన్‌కు పోవచ్చు. ‘ఆర్డర్ పెట్టారు’ పాత పార్టిషన్‌లో ల్యాగ్ వెనక ఉండగానే ‘ఆర్డర్ క్యాన్సిల్’ కొత్త పార్టిషన్‌లో ముందే ప్రాసెస్ అయిపోతుంది. వరస మీకు ముఖ్యమైతే 12 పార్టిషన్లతో కొత్త టాపిక్ చేయండి, ప్రొడ్యూసర్లను (మెసేజ్‌లు వేసేవాటిని) దానికి మళ్లించండి, పాత టాపిక్ పూర్తిగా ఖాళీ అయ్యాక కొత్తదాని కన్స్యూమర్లను మొదలెట్టండి. పార్టిషన్లను తగ్గించడం మాత్రం కుదరదు, అందుకని ఉత్సాహపడి 200 పెట్టకండి.

డబుల్ ప్రాసెసింగ్‌కు కారణం వేరు. మనం మార్చకపోతే కన్స్యూమర్ ఒక పోల్‌లో (మెసేజ్‌ల కోసం ఒకసారి అడగడం) గరిష్ఠంగా 500 రికార్డులు తెచ్చుకుంటుంది. తర్వాతి పోల్ 5 నిమిషాల్లోపు చేయకపోతే ఆ కన్స్యూమర్ పోయిందని లెక్కేసి గ్రూపు రీబ్యాలెన్స్ అవుతుంది, దాని పార్టిషన్ ఇంకొకరికి పోతుంది. మీ ప్రతి మెసేజ్‌కూ ఈమెయిల్, ఇన్వాయిస్ కలిపి 0.8 సెకను. 500 × 0.8 = 400 సెకన్లు. 300వ సెకనులో మిమ్మల్ని బయటికి పంపేశారు, ఆఫ్‌సెట్ (ఎక్కడిదాకా పూర్తయిందో చెప్పే గుర్తు) కమిట్ కాలేదు, కొత్తగా వచ్చినవాడు మళ్లీ మొదటినుంచి చేస్తున్నాడు. అతనికీ అదే గతి. ల్యాగ్ తగ్గకపోవడానికి సగం కారణం ఇదే. మ్యాక్స్ పోల్ రికార్డ్స్ 100కు దించండి, 80 సెకన్లలో తేలిపోతుంది. అయినా అప్పుడప్పుడూ రెండోసారి రావడం ఉంటుంది, కన్స్యూమర్‌లో కూడా పై జవాబులో చెప్పిన యూనిక్ కీ పద్ధతే పెట్టండి.

ప్రశ్న: ఆటోస్కేలింగ్ (రద్దీని బట్టి సర్వర్లను దానంతటదే పెంచే ఏర్పాటు) కొత్త సర్వర్లను తెస్తోంది గానీ అవి ఖాళీగా ఉంటున్నాయి, పాతవి మాత్రం 95 శాతం సీపీయూలో ఉడుకుతున్నాయి. – డాలస్ నుంచి ఒక పాఠకుడు

మీ సెషన్ (లాగిన్ అయిన కస్టమర్ గురించి గుర్తుంచుకునే డేటా) సర్వర్ మెమరీలో ఉంది, లోడ్ బ్యాలన్సర్ స్టిక్కీగా ఉంది, అంటే ఒక కస్టమర్‌ను ఎప్పుడూ ఒకే సర్వర్‌కు పంపుతుంది. పాత కస్టమర్లు పాత సర్వర్‌కే అతుక్కుపోతారు. సెషన్‌ను రెడిస్‌కు (సర్వర్లన్నీ పంచుకునే వేగవంతమైన మెమరీ స్టోర్) మార్చి స్టిక్కీ తీసేయండి. మార్చేటప్పుడు సెషన్‌లో యూజర్ ఐడీ, కార్ట్ ఐడీ లాంటివి మాత్రమే ఉంచండి. కొందరు సెర్చ్ ఫలితాల లిస్టు మొత్తం సెషన్‌లో దాచుకుంటారు, అప్పుడు ప్రతి క్లిక్‌కూ ఆ మూట నెట్‌వర్క్ మీద వచ్చి పోతుంది. సెషన్ లేని సర్వీసుల్లోనూ ఇదే లక్షణం కనిపిస్తే జీఆర్‌పీసీ (సర్వీసులు ఒకదాన్నొకటి పిలుచుకునే పద్ధతి) వాడుతున్నారేమో చూడండి. దాని కనెక్షన్లు గంటల తరబడి తెరిచే ఉంటాయి, కనెక్షన్ స్థాయిలో పంచే బ్యాలన్సర్‌కు కొత్తగా పంచడానికి ఏమీ ఉండదు. సర్వర్ వైపు కనెక్షన్‌కు గరిష్ఠ వయసు కొన్ని నిమిషాలు పెడితే క్లయింట్లు తిరిగి కనెక్ట్ అవుతూ సర్దుకుంటారు.

ప్రశ్న: మా బుకింగ్ సరిగ్గా పదింటికి తెరుస్తాం. 9:59కి ఎవరూ ఉండరు, 10:00కి అందరూ ఉంటారు. సర్వర్లు ఎన్ని పెంచినా సెకనుకు 50 బుకింగ్‌ల దగ్గరే ఆగిపోతోంది. – తిరుపతి పాఠకుడు

తత్కాల్ టికెట్లకు ఏసీ క్లాసులకు పదింటికి, నాన్ ఏసీకి పదకొండింటికి జనం ఎలా ఎగబడతారో మీకు తెలియంది కాదు. ఇలాంటి రద్దీకి ఆటోస్కేలింగ్ పనికిరాదు. కొలత పెరిగిందని గమనించి, మెషిన్ లేచి, జావా కోడ్ వేడెక్కేసరికి నిమిషాలు గడుస్తాయి. మీ రద్దీ మొదటి నిమిషంలోనే ఉంది. 9:30కే పూర్తి సంఖ్యలో సర్వర్లు లేపి, నకిలీ రిక్వెస్టులతో వాటిని తిప్పి ఉంచండి.

కానీ ఆ 50కి కారణం సర్వర్లు కావు. మీరు పంపిన కోడ్‌లో ట్రాన్సాక్షన్ క్రమం ఇది: ముందు టేబుల్‌లోని స్లాట్ వరసలో (రో) మిగిలిన సీట్లు ఒకటి తగ్గించడం, తర్వాత బుకింగ్ ఇన్సర్ట్, తర్వాత ప్రయాణికుల వివరాలు, తర్వాత ఆడిట్ లాగ్, చివర కమిట్. మొత్తం 20 మిల్లీసెకన్లు. అప్‌డేట్ చేసిన క్షణం నుంచి కమిట్ దాకా ఆ ఒక్క వరస మీద లాక్ ఉంటుంది. పదింటికి అందరికీ కావాల్సింది అదే వరస. 1000 ÷ 20 = 50. సర్వర్లు నాలుగైనా నలభై అయినా ఇదే అంకె.

మొదటి మార్పుకు ఖర్చు లేదు: అప్‌డేట్‌ను ట్రాన్సాక్షన్ చివరికి, కమిట్‌కు ముందుకు జరపండి. లాక్ 4 మిల్లీసెకన్లే ఉంటే సెకనుకు 250. సీట్లు లేకపోతే అప్పుడు రోల్‌బ్యాక్ (చేసినదంతా రద్దు) అవుతుంది, ఫర్వాలేదు. అదీ చాలకపోతే ఒక స్లాట్‌లోని 1000 సీట్లను వందేసి చొప్పున పది వరసలుగా విడగొట్టి, ప్రతి రిక్వెస్టునూ ఒక వరసకు రాండమ్‌గా పంపండి. తన వరసలో అయిపోతే పక్క వరస చూడాలి. చివరి కొన్ని సీట్ల దగ్గర ఇది కాస్త వెతుకులాట అవుతుంది. కౌంటర్‌ను రెడిస్‌లో పెట్టే మార్గమూ ఉంది. అప్పుడు సర్వర్ మధ్యలో పడిపోతే తగ్గించిన సీటు తిరిగి చేరదు కాబట్టి, పది నిమిషాల్లో డబ్బు కట్టని సీట్లను వెనక్కి వేసే ఒక జాబ్, డేటాబేస్‌తో సరిపోల్చే ఒక జాబ్ రెండూ ఉండాలి.

దీనంతటికీ ముందు ఒక వెయిటింగ్ పేజీ. సెకనుకు 250 బుకింగ్‌లే చేయగలిగితే అంతమందినే టోకెన్ ఇచ్చి లోపలికి వదలండి, మిగతా వాళ్లకు వరస నంబర్ చూపించే స్టాటిక్ పేజీని సీడీఎన్ (పేజీల కాపీలను మీ సర్వర్‌కు బదులు అందించే నెట్‌వర్క్) నుంచి ఇవ్వండి. అందరినీ లోపలికి రానిచ్చి అందరికీ 502 ఎర్రర్ చూపించే కన్నా ‘మీ ముందు 4,200 మంది’ అని చెప్పడం మర్యాద.

క్యాష్ విషయం కూడా చూసుకోండి. స్లాట్ల జాబితా క్యాష్ 60 సెకన్లకు ఎక్స్‌పైర్ అవుతుందన్నారు. 10:00:30కి అది ఎక్స్‌పైరైతే వేలాది రిక్వెస్టులు ఒకే క్షణంలో అదే క్వెరీతో డేటాబేస్ మీద పడతాయి. ఒక్కరే క్వెరీ చేసి నింపేలా, మిగతావాళ్లు పాత కాపీ వాడుకునేలా రాయండి. రెడిస్‌లో ‘కీస్’ కమాండ్ (కీలన్నీ ఒకేసారి వెతికేది) ఎక్కడైనా ఉంటే ‘స్కాన్’తో (కొన్ని కొన్నిగా వెతికేది) మార్చండి. రెడిస్ కమాండ్లను ఒక్క థ్రెడ్ మీద వరసగా నడుపుతుంది, ‘కీస్’ లక్షల కీలు తిరిగేదాకా ఇంకెవరికీ జవాబు ఉండదు.

ప్రశ్న: జావా 21 వర్చువల్ థ్రెడ్లకు (వేల సంఖ్యలో సృష్టించగల తేలికైన థ్రెడ్లు) మారితే ఈ పూల్ సైజుల గొడవ పోతుందా? – వరంగల్ పాఠకుడు

పోదు. టామ్‌క్యాట్ 200 థ్రెడ్ల హద్దు పోతుంది, అంతే. ఇప్పుడు పది వేల థ్రెడ్లు అదే 20 కనెక్షన్ల కోసం నిలబడతాయి. ఇప్పటిదాకా ఆ 200 అంకె మీకు తెలియకుండానే వెనక ఉన్న సర్వీసులను కాపాడుతోంది. అది తీసేస్తే బయటి ఏపీఐలకు వెళ్లే కాల్స్ చుట్టూ సెమఫోర్ (ఒకేసారి ఇంతమందికే అని లెక్కపెట్టి వదిలే గేటు) పెట్టి మీరే హద్దు వేయాలి. జావా 21లో సింక్రనైజ్డ్ బ్లాక్ (ఒకసారి ఒక్క థ్రెడే నడపగల కోడ్) లోపల ఆగిన వర్చువల్ థ్రెడ్ కింది అసలు థ్రెడ్‌ను కూడా కట్టేస్తుంది. ఆ ఇబ్బంది జావా 24లో పోయింది.

ప్రశ్న: లోడ్ టెస్ట్ టూల్ జేమీటర్‌లో 500 యూజర్లతో టెస్ట్ చేస్తే సగటు 200 మిల్లీసెకన్లే వచ్చింది. లైవ్‌లో మాత్రం పడిపోతోంది. టెస్ట్ ఎక్కడ తప్పు? – బెంగళూరు నుంచి ఒక పాఠకురాలు

మీ 500 యూజర్లు మరీ బుద్ధిమంతులు. సర్వర్ జవాబు ఇచ్చేదాకా తర్వాతి రిక్వెస్టు పంపరు. సర్వర్ 10 సెకన్లు స్తంభిస్తే వాళ్లూ 10 సెకన్లు ఆగుతారు, అంటే సర్వర్‌కు ఊపిరి తీసుకునే టైం ఇస్తారు. బయట జనం అలా ఉండరు. సెకనుకు 100 మంది వస్తున్నప్పుడు 10 సెకన్లు ఆగితే వెయ్యి మంది ఇబ్బంది పడతారు. మీ టెస్ట్‌లో మాత్రం యూజర్‌కు ఒకటి చొప్పున 500 చెడ్డ నమూనాలే నమోదవుతాయి, మిగతావి అసలు పుట్టనే పుట్టవు. దీన్ని కోఆర్డినేటెడ్ ఒమిషన్ అంటారు. వేరే లోడ్ టెస్ట్ టూల్స్ ఉన్నాయి: కే6లో కాన్‌స్టెంట్ అరైవల్ రేట్, గ్యాట్లింగ్‌లో ఓపెన్ మోడల్, డబ్ల్యూఆర్‌కే2 లాంటివి సర్వర్ ఎలా ఉన్నా నిర్ణీత వేగంతో పంపుతూనే ఉంటాయి. వాటితో చేయండి.

సగటు చూడకండి. 99వ పర్సంటైల్ (నూటికి 99 రిక్వెస్టులు ఎంతలోపు ముగిశాయో ఆ సమయం) చూడండి, ఎర్రర్లు వేరుగా లెక్కించండి. వెంటనే వచ్చిన 503 ఎర్రర్ కూడా సగటును అందంగా చూపిస్తుంది. నాలుగు సర్వర్ల 99వ పర్సంటైళ్లను కూడి నాలుగుతో భాగించడం చాలా డాష్‌బోర్డుల్లో కనిపిస్తుంది, ఆ అంకెకు అర్థం లేదు. హిస్టోగ్రాములను (ఎంత సమయంలో ఎన్ని రిక్వెస్టులు ముగిశాయో చెప్పే పట్టికలు) కలిపి తిరిగి లెక్కించాలి. లోడ్‌ను ఒకేసారి కాకుండా మెట్లుగా, ఒక్కో మెట్టు పది నిమిషాలు ఉంచుతూ పెంచండి. ఏ మెట్టు దగ్గర రిక్వెస్టులు పెరిగినా పూర్తయినవి పెరగడం మానేశాయో అదే మీ హద్దు. అక్కడ ఆగి, పది సెకన్ల వ్యవధితో మూడు థ్రెడ్ డంప్‌లు (ఆ క్షణంలో ప్రతి థ్రెడ్ ఏ లైను దగ్గర ఉందో చూపే జాబితా) తీయండి. మూడింట్లోనూ ఒకే లైను దగ్గర నిలబడ్డ థ్రెడ్లు ఎక్కువుంటే ఎక్కడ వెతకాలో తెలిసిపోతుంది. టెస్ట్ డేటాబేస్‌లో పది వేల వరసలు, లైవ్‌లో కోటి వరసలు ఉంటే ఈ కష్టమంతా దండగ.

జేమీటర్‌ను గ్రాఫికల్ విండోలో నడపకండి, కమాండ్ లైన్ నుంచే నడపండి. లోడ్ పంపే మెషిన్‌ను కూడా అనుమానించండి. లినక్స్‌లో బయటికి వెళ్లే కనెక్షన్లకు పోర్టులు 32768 నుంచి 60999 దాకా, అంటే 28,232. మెషిన్ తానే మూసిన ప్రతి కనెక్షన్ 60 సెకన్లు టైమ్ వెయిట్‌లో ఉంటుంది, అందాకా ఆ పోర్టు దొరకదు. కీప్ అలైవ్ (ఒకే కనెక్షన్‌ను మళ్లీ మళ్లీ వాడటం) లేకుండా ఒకే అడ్రసు, ఒకే పోర్టుకు పంపితే సెకనుకు సుమారు 470 కొత్త కనెక్షన్ల దగ్గర ఆ మెషినే ఆగిపోతుంది. మీ ఎన్‌జిన్‌ఎక్స్ కూడా వెనక సర్వర్‌కు ప్రతిసారీ కొత్త కనెక్షన్ తెరుస్తుంటే దానికీ ఇదే హద్దు. దాని సెట్టింగుల్లో వెనక సర్వర్ల వివరాలుండే అప్‌స్ట్రీమ్ బ్లాక్‌లో కీప్ అలైవ్ లైను ఉందో లేదో, ప్రాక్సీ హెచ్‌టీటీపీ వెర్షన్ 1.1గా ఉందో లేదో, కనెక్షన్ హెడర్‌ను ఖాళీ చేశారో లేదో చూడండి. మూడూ ఉంటే అది పనిచేస్తుంది.